హాస్టల్ మురుగు క్యాంపస్ కుంటలో కలుస్తోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

కుంటగట్టు · జూన్ 22, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నేను ఒక స్టేట్ యూనివర్సిటీలో తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. నీటి శుద్ధి గురించి నాకు పెద్దగా తెలియదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా హాస్టళ్ల వెనక చిన్న కుంట ఉంది. నేను ఎంఏలో చేరిన ఏడాది అలుగు పారింది. సాయంత్రాలు గట్టు మీద కూర్చుని చదువుకునేవాళ్లం. నీటికోళ్లు పిల్లల్ని వెంటేసుకుని తామరాకుల మధ్య తిరిగేవి. ఇప్పుడు సగం కుంట గుర్రపు డెక్కే. మిగతా సగం నాచు పట్టి చిక్కటి ఆకుపచ్చ రంగులో ఉంటుంది.

నిన్న పొద్దున ఆరున్నరకి వెళ్లాను. హాస్టళ్ల వైపు నుంచి వచ్చే కాల్వలో బూడిదరంగు నీళ్లు, పైన సబ్బు నురగ, ఆ నురగలో అన్నం మెతుకులు. ఒడ్డున జిలేబీ చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. లెక్కపెడితే నలభై మూడు. ఒకటి మాత్రం నీటి పైకి వచ్చి ఇంకా నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. నేను చూస్తుండగానే అదీ ఆగిపోయింది.

క్యాంపస్‌లో ఎస్‌టీపీ (మురుగు శుద్ధి చేసే ప్లాంటు) ఉంది. కానీ దాని పక్కన నడిచినప్పుడు మోటార్ల శబ్దం ఎప్పుడో గానీ వినపడదు. అడిగితే "నడుస్తూనే ఉందమ్మా" అన్నారు. దీనికి తోడు పోయిన వారం మా బ్లాకులో ఇద్దరికి కామెర్లు వచ్చాయి. రెండింటికీ సంబంధం ఉందా? ఎవరిని అడగాలి, ఏం అడగాలి?

లా_ఫైనలియర్ · జూన్ 22, రాత్రి 10:48

అక్కా, ముందు ఆర్టీఐ వేయండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మూడే అడగండి: ఎస్‌టీపీకి పొల్యూషన్ బోర్డు ఇచ్చిన కన్సెంట్ (అనుమతి) కాపీ, గత ఏడాది నీటి పరీక్షల రిపోర్టులు, ప్లాంటు కరెంటు మీటరు నెలవారీ రీడింగులు. మూడోది అడగడం మర్చిపోవద్దు. రిపోర్టులో ఏమైనా రాసుకోవచ్చు, కరెంటు బిల్లు అబద్ధం చెప్పదు.

చట్టం పాతదే, 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం. శుద్ధి చేసిన నీళ్లు ఎంత శుభ్రంగా ఉండాలో 2017 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. బీఓడీ (నీళ్లలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్ లెక్క) పెద్ద నగరాల్లో లీటరుకు 20 మిల్లీగ్రాములు, మిగతా చోట్ల 30 దాటకూడదు. 2019 ఏప్రిల్‌లో గ్రీన్ ట్రిబ్యునల్ దాన్ని 10కి బిగించమంది. చేపలు చచ్చిన చోట ఫొటోలు తేదీ, టైము కనపడేలా తీసి పెట్టుకోండి.

నర్సమ్మ_కూతురు · జూన్ 22, రాత్రి 11:30

కుంట సంగతి తర్వాత, ముందు తాగే నీళ్లు చూడండి. నేను మైక్రోబయాలజీ చదివాను, ఇప్పుడు జిల్లా స్థాయి ల్యాబ్‌లో నీటి పరీక్షలు చేస్తాను.

నీటి ద్వారా వచ్చే కామెర్లు బయటపడటానికి సాధారణంగా రెండు నుంచి ఏడు వారాలు పడుతుంది. అంటే ఇవాళ కళ్లు పచ్చబడ్డవాళ్లు మే నెలలో తాగిన నీళ్ల వల్ల జబ్బు పడి ఉండొచ్చు. కుంటలో నీళ్లు తాగి కాదు. చాలా చోట్ల జరిగేది ఇది: మంచినీళ్ల పైపు, మురుగు పైపు ఒకే గోతిలో పక్కపక్కనే వేస్తారు. పంపు ఆన్‌లో ఉన్నంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది, కారితే నీళ్లు బయటికి పోతాయి. పంపు ఆపగానే ఒత్తిడి పడిపోయి, చుట్టూ తడిసిన మట్టిలోని మురుగును అదే చిల్లు లోపలికి లాగుతుంది. కాబట్టి పొద్దున పంపు వేయగానే వచ్చే మొదటి నీళ్లనే పరీక్ష చేయాలి. పదకొండింటికి పట్టిన శాంపిల్‌లో ఏమీ దొరక్కపోవచ్చు.

హెచ్‌టూఎస్ సీసాలని చిన్నవి దొరుకుతాయి. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చని చోట పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్లలో మలం కలిసిందని అనుమానించాలి. ప్రతి హాస్టల్ నుంచి మూడు సీసాలు: సంపు దగ్గర, పైన ట్యాంకు దగ్గర, చివరి కుళాయి దగ్గర. ఏ సీసా నల్లబడిందో చూస్తే ఎక్కడ కలుస్తోందో తెలుస్తుంది. చివరి కుళాయిలో కూడా క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ఈలోగా అందరూ కాచిన నీళ్లే తాగండి. హెల్త్ సెంటర్‌కి ఈ ఇద్దరి సంగతి రాతపూర్వకంగా చెప్పండి.

బ్లోయర్_రూమ్ · జూన్ 23, ఉదయం 5:50

పదకొండేళ్లుగా ఎస్‌టీపీ ఆపరేటర్‌ని. ఇప్పుడు ఒక పెద్ద కాలేజీ ప్లాంటు చూస్తున్నాను. డ్యూటీ దిగబోతూ రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

ఎస్‌టీపీ అంటే మెషీన్ అనుకుంటారు. కాదమ్మా, అది పశువుల కొట్టం లాంటిది. లోపల బతికుండేవి సూక్ష్మజీవులు. మురుగు వాటి మేత. బ్లోయర్ ఇచ్చే గాలి వాటి ఊపిరి. రాత్రి కరెంటు మిగుల్దామని బ్లోయర్ ఆపేస్తే, తెల్లారేసరికి ట్యాంకు నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. మళ్లీ బతికించడానికి వారాలు పడుతుంది.

మీరు ప్లాంటు దగ్గరికి వెళ్లి నాలుగు చూడండి, పరికరాలు అక్కర్లేదు.

మొదట రంగు. ఏరేషన్ ట్యాంకులో (గాలి పట్టించే ట్యాంకులో) నీళ్లు చాక్లెట్ రంగులో ఉండాలి. బూడిద రంగులో ఉంటే జీవాలు తక్కువ, నల్లగా ఉంటే చచ్చినట్టు. తర్వాత వాసన. బాగున్న ట్యాంకు తొలకరి వాన పడ్డ నేల వాసన వస్తుంది, మురుగు వాసన రాదు. మూడోది బుడగలు. ట్యాంకంతా సన్నగా సమంగా రావాలి. ఒక మూల ఉడికినట్టు పొంగుతూ, ఇంకో మూల నిలిచిపోయి ఉంటే కింద గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్లు చిరిగాయనో మూసుకుపోయాయనో అర్థం.

నాలుగోది జార్. దీన్ని రోజూ చేయని ఆపరేటర్ని నేను ఆపరేటర్ అనను. లీటరు మెజరింగ్ జార్‌లో ఏరేషన్ ట్యాంకు నీళ్లు పట్టి, కదలకుండా అరగంట ఉంచండి. బురద కిందికి దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. మా ప్లాంటులో బురద 250 నుంచి 350 గీతల మధ్య ఉంటే నాకు ప్రాణం హాయిగా ఉంటుంది. 50 దగ్గరే ఆగితే లోపల జీవాలు లేవు. 800 దగ్గర దూదిలా వేలాడుతుంటే స్లడ్జ్ (ఆ బురద) బయటికి తీయలేదు, లేదా నూనె ఎక్కువైంది.

ఎండాకాలం సెలవుల్లో మీ హాస్టల్ ఖాళీ అయి ఉంటుంది. మేత లేక జీవాలు చచ్చిపోతాయి. జూన్‌లో ఒక్కసారిగా వెయ్యి మంది వచ్చి స్నానాలు చేస్తే ప్లాంటు తట్టుకోలేదు. మీరు చేపలు చూసిన తేదీ ఇదే చెబుతోంది.

రిటైర్డ్_ఏఈ · జూన్ 23, మధ్యాహ్నం 2:20

ఆపరేటర్ గారు చెప్పింది నూటికి నూరు శాతం నిజం. దానికి కొంత లెక్క జోడిస్తాను.

హాస్టల్ విద్యార్థికి రోజుకు 135 లీటర్లు అని లెక్క కడతాం. అందులో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది. 1,200 మంది ఉంటే వాడకం 1,62,000 లీటర్లు, మురుగు సుమారు 1,30,000 లీటర్లు. ఇది రోజంతా సమంగా రాదు. సగానికి దగ్గరగా పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపే దూసుకొస్తుంది. అందుకే ముందు పెద్ద కలెక్షన్ ట్యాంకు కట్టి, అక్కడి నుంచి నిదానంగా ప్లాంటుకి పంపాలి. చాలా క్యాంపస్‌లలో హాస్టళ్లు రెండయ్యాయి, నాలుగయ్యాయి, ఆ ట్యాంకు మాత్రం మొదటి ప్లానులో ఎంతుందో అంతే ఉండిపోయింది.

ఆర్టీఐ తప్పు అనను. కానీ మొదటి రోజే వేస్తే ఇంజనీరింగ్ సెక్షన్ తలుపు మూసుకుంటుంది. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి. ముందు వెళ్లి "ప్లాంటు చూపించండి సార్" అని అడగండి. అక్కడ పనిచేసే జేఈకి (జూనియర్ ఇంజనీర్‌కి) కూడా ఈ ప్లాంటు బాగుపడాలనే ఉంటుంది, బిల్లు పాస్ కాక బ్లోయర్ బెల్టు కొనలేకపోతుంటాడు.

లా_ఫైనలియర్ · జూన్ 23, మధ్యాహ్నం 2:41

సార్, మీ అనుభవానికి దండం. కానీ ముందు తలుపు తట్టమని చెప్పిన చోట్లన్నీ రెండేళ్లు గడిచిపోతాయి. కుంటకి రెండేళ్లు లేవు. రెండూ ఒకేసారి చేయమంటాను.

రిటైర్డ్_ఏఈ · జూన్ 23, మధ్యాహ్నం 3:05

బాబూ, రెండు వారాలు ఆగమంటున్నాను, రెండేళ్లు కాదు. అమ్మాయి అక్కడే చదువుకోవాలి కదా.

ఇంకొకటి. వాన పడని రోజు వాన నీటి కాల్వలో నీళ్లు పారుతున్నాయంటే అది ఎక్కడిదో మురుగే. వాన కాల్వ, మురుగు లైను రెండూ వేరు. మీరు చూసిన కాల్వ ఏదో ముందు తేల్చుకోండి. అది వాన కాల్వ అయితే మురుగు ఎస్‌టీపీ దాకా చేరనే లేదు, దార్లోనే తప్పిపోతోంది.

సాల్ట్_అనాలిసిస్ · జూన్ 23, రాత్రి 8:12

కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో ల్యాబ్ టెక్నీషియన్ని. ఏఈ గారి మాట తేల్చుకోవడానికి మార్గం చెబుతాను. ఏ కెమిస్ట్రీ ల్యాబ్‌లోనైనా ఫ్లోరెసిన్ అనే రంగు ఉంటుంది. చిటికెడు బకెట్ నీళ్లలో కలిపి హాస్టల్ టాయిలెట్‌లో పోసి ఫ్లష్ చేయండి. ఒకరు కాల్వ దగ్గర వాచీ పట్టుకుని నిలబడండి. మెరిసే పచ్చరంగు అక్కడ కనిపిస్తే అనుమానమే లేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. హాస్టల్ మురుగు గురించి అందరూ మాట్లాడతారు, ల్యాబ్ సింకుల గురించి ఎవరూ మాట్లాడరు. సూక్ష్మజీవులు అన్నాన్ని, మలాన్ని తింటాయి. క్రోమియంని, లెడ్‌ని, పాదరసాన్ని తినలేవు. కొంత వాటిని చంపుతుంది, మిగతాది బురదలో పేరుకుంటుంది, ఇంకాస్త నీళ్లతో బయటికి పోతుంది. ఆ బురద ఎరువని గార్డెన్‌లో వేస్తారు.

మురుగునీటి నాణ్యత చూడ్డానికి చేసే సీఓడీ పరీక్ష ఉంది కదా, అందులో వాడేవి పొటాషియం డైక్రోమేట్, మెర్క్యురిక్ సల్ఫేట్, సిల్వర్ సల్ఫేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. పరీక్ష అయ్యాక ఆ ట్యూబును సింకులో ఒంపేసే ల్యాబ్‌లు నేను చూశాను. నీళ్లు బాగున్నాయో లేదో తెలుసుకోవడానికి ఆ నీళ్లలోకే పాదరసం వదలడం నా మనసుకు చాలా బాధ కలిగించింది.

మేం నాలుగేళ్ల కిందట మా ల్యాబ్‌లో మొదలుపెట్టింది ఇది. ప్రతి బల్ల చివర క్యాన్లు పెట్టాం: లోహాలున్నవి ఒకదాంట్లో, క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు ఇంకోదాంట్లో, మిగతా సాల్వెంట్లు మరోదాంట్లో. సీసా కడిగిన మొదటి రెండు నీళ్లు కూడా క్యాన్‌లోకే పోవాలి, మూడోసారి నుంచే సింకు. లోహాలు లేని ఆమ్లాన్ని, క్షారాన్ని తటస్థం చేసి పంపుతాం. సిల్వర్ నైట్రేట్ వాడిన ద్రావణాలు విడిగా దాస్తాం, అందులోంచి వెండి తిరిగి తీయొచ్చు. క్యాన్ నిండగానే లేబుల్, తేదీ, సంతకం. ప్రమాదకర వ్యర్థాలకు 2016 నాటి నియమాలున్నాయి, వాటిని ఇష్టమొచ్చిన చోట పారబోయకూడదు. తెలంగాణలో దుండిగల్ దగ్గర, ఆంధ్రలో పరవాడ దగ్గర వీటిని తీసుకునే కేంద్రాలు ఉన్నాయి.

ఇంకా మంచి పని ఏంటంటే వాడకమే తగ్గించడం. డిగ్రీ పిల్లల సాల్ట్ అనాలిసిస్ (లవణంలో ఏముందో కనుక్కునే ప్రయోగం) లోంచి లెడ్, కాడ్మియం తీసేశాం. పది మిల్లీలీటర్లతో చేసే ప్రయోగం ఒక మిల్లీలీటరుతో చేయిస్తున్నాం. రంగు అలాగే మారుతుంది, అవక్షేపం అలాగే వస్తుంది. పిల్లలు నేర్చుకునేదానిలో ఏమీ తగ్గలేదు.

మెస్_సెక్రటరీ_మాజీ · జూన్ 23, రాత్రి 9:30

ఆపరేటర్ అన్న నూనె అన్నారు కదా, అది మా మెస్ నుంచి వచ్చేదే. నేను ఒక ఏడాది మెస్ చూశాను. ఆదివారం చికెన్, బుధవారం పూరీ. ఆ రెండు రోజులూ గిన్నెలు కడిగిన నీళ్లు నేరుగా లైన్లోకి. నూనె, కొవ్వు ఆపడానికి గ్రీజ్ ట్రాప్ అని ఒక తొట్టి ఉందని నాకు ఎనిమిదో నెలలో తెలిసింది. మూత తెరిస్తే పైన జానెడు మందాన తెల్లగా, గట్టిగా, కొవ్వొత్తిలా గడ్డకట్టి ఉంది. పారతో కొడితే పెళ్లలుగా విరిగింది.

మేం మార్చినవి చిన్నవే. గిన్నె కడిగేముందు పాత పేపర్‌తో తుడవడం. ఎంగిలి తీసే చోట జల్లెడ. వాడిన నూనె డబ్బాలో పోసి బయోడీజిల్‌కి కొనేవాళ్లకి అమ్మడం, ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో పెట్టిన రూకో పథకం కింద తీసుకెళ్తారు. గంజి మాత్రం నేను గెలవలేకపోయాను. వంటవాళ్లు ఒకటే మాట, "గంజే కదా బాబూ, అందులో ఏముంది?"

బ్లోయర్_రూమ్ · జూన్ 24, ఉదయం 6:05

గంజిలో ఏముందా? మామూలు మురుగు బీఓడీ 200, 300 ఉంటుంది. గంజికి వేలల్లో ఉంటుంది. నాలుగు డేగిసాల గంజి ఒక్కసారిగా వస్తే నా ట్యాంకులో గాలి చాలక జీవాలు ఉక్కిరిబిక్కిరవుతాయి. చేపలు చచ్చేదీ ఇందుకే. విషం తిని కాదు, ఊపిరాడక. రాత్రి నాచు కూడా నీళ్లలోని ఆక్సిజన్‌నే వాడుకుంటుంది, అందుకే తెల్లవారుజామున తేలతాయి. గంజిని పశువులున్నవాళ్లకి ఇవ్వండి. మా దగ్గర రోజూ ఒక పాలాయన బండి మీద క్యాన్లు తెచ్చి పట్టుకెళ్తాడు.

ఇంకొకటి, హౌస్‌కీపింగ్ వాళ్లకి చెప్పండి, టాయిలెట్లలో యాసిడ్, బ్లీచింగ్ బకెట్లకొద్దీ పోయొద్దని. అవి పైపులో ఆగిపోవు, నా ట్యాంకుదాకా వస్తాయి.

మెట్టతామర · జూన్ 24, ఉదయం 11:00

ఇంత యంత్రాల గొడవ ఎందుకు? మొక్కలతో శుద్ధి చేయొచ్చు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ వాళ్లు తమ క్వార్టర్ల మురుగును కంకర గుంటల్లో మొక్కలు పెంచి శుద్ధి చేసి పొలాలకు పెడుతున్నారు. జమ్ము, మెట్టతామర, వట్టివేరు. బ్లోయర్ లేదు, కరెంటు దాదాపు లేదు. కొత్తపల్లిలాంటి పల్లెల్లోనూ ఈ పద్ధతి పెట్టారు. నేను ఆ గుంటల పక్కన నిలబడి చూశాను, దగ్గరికెళ్తేనే గానీ అక్కడ మురుగుందని తెలియదు.

రిటైర్డ్_ఏఈ · జూన్ 24, మధ్యాహ్నం 12:15

మంచి పద్ధతే, కాదనను. కానీ స్థలం కావాలి, ముందు సెటిల్ అయ్యే ట్యాంకు కావాలి, లేకపోతే కంకర ఆర్నెల్లలో పూడిపోతుంది. కోసిన మొక్కల్ని తీసేయాలి, లేకపోతే అక్కడే కుళ్లి మళ్లీ నీళ్లలో కలుస్తాయి. ఈ అమ్మాయి క్యాంపస్‌లో ఎస్‌టీపీ ఉంది కాబట్టి, దాన్ని బాగుచేసి, బయటికొచ్చే నీళ్లు కుంటలోకి పోయే దారిలో మీరన్న మొక్కల గుంట పెట్టమంటాను. ప్లాంటు ఒక రోజు తప్పు చేసినా ఆ గుంట కొంత కాస్తుంది.

అట్లాంటా_వాసి · జూన్ 24, రాత్రి 11:50

నేను అట్లాంటాలో ఉంటాను. ఇక్కడ ఎమోరీ యూనివర్సిటీ 2015లో క్యాంపస్‌లోనే ఒక ప్లాంటు పెట్టింది, వాటర్‌హబ్ అంటారు. గాజు ఇంటి లోపల మొక్కలు, వాటి వేళ్లు మురుగులో వేలాడుతుంటాయి, ఆ వేళ్లనే సూక్ష్మజీవులు ఇల్లు చేసుకుంటాయి. రోజుకు నాలుగు లక్షల గ్యాలన్లు, అంటే పదిహేను లక్షల లీటర్లు శుద్ధి చేసే సామర్థ్యం. ఆ నీళ్లు ఏసీ చిల్లర్లకీ, ఆవిరి ప్లాంటుకీ, కొన్ని హాస్టళ్ల ఫ్లష్‌కీ పోతాయి. పిల్లలకు క్లాసు అక్కడే చెబుతారు. మన దగ్గర కూడా ఎస్‌టీపీని ప్రహరీ గోడ పక్కన దాచకుండా, సివిల్ వాళ్లకీ, మైక్రోబయాలజీ వాళ్లకీ ప్రాక్టికల్స్ అక్కడే పెడితే ఎంత బాగుంటుందో.

పీర్జాదిగూడ_గడ్డి · జూన్ 25, ఉదయం 7:20

మాది మూసీ పక్కన. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంది, అయినా మా దాకా వచ్చేసరికి ఏటి నీళ్లు నల్లగానే ఉంటాయి. ఆ నీళ్లతోనే గడ్డి పెంచి బర్రెలకు వేశాం, ఆ పాలే సిటీకి పోయాయి. మా నాన్న కాళ్లకు దురద, పుండ్లు, ప్రతి ఎండాకాలం.

కుంటగట్టు గారూ, మీ కుంట అలుగు దాటాక నీళ్లు ఎవరి చేనులోకి పోతాయో ఒకసారి నడిచి చూడండి. వాళ్లతో మాట్లాడండి. వాళ్లకి ఈ ఫోరమ్ తెలియదు.

జానకి_కాలనీ · జూన్ 25, రాత్రి 9:10

ఇంతమంది రాశారు, ఒక్కరూ ఈ మాట రాయలేదు. లైను జామ్ అయితే లోపలికి ఎవరు దిగుతారు? మా బాబాయ్ మ్యాన్‌హోల్ పని చేసేవాడు. మూత తీసి పావుగంట కూడా ఆగకుండా దిగమనేవాళ్లు. ఒకసారి స్పృహ తప్పితే పైనున్నవాళ్లు తాడుతో లాగారు, బతికాడు. ఆయనతో పనిచేసినవాళ్లలో అందరూ బతకలేదు.

మనుషుల్ని దింపకూడదని 2013 చట్టం ఉంది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలంది. హైదరాబాద్‌లో ఇరుకు సందుల్లోకీ వెళ్లే చిన్న జెట్టింగ్ మెషీన్లు తెచ్చారు. మీ క్యాంపస్‌లో లైను శుభ్రం చేయమని అడిగేటప్పుడు అదే కాగితంలో రాయండి: మెషీన్‌తోనే చేయాలి, మనిషి దిగకూడదు. ఎస్‌టీపీ సంపులోకి కూడా. అక్కడ పేరుకునే గ్యాస్ మొదట వాసన వస్తుంది, కాసేపటికి ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. పోయిందనుకుని దిగుతారు.

కుంటగట్టు · జూలై 9, రాత్రి 10:40

అందరికీ చాలా చాలా థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, కానీ చెప్పడానికి చాలా ఉంది.

సీసాలు ముందు చెబుతాను. తొమ్మిదింటిలో రెండు నల్లబడ్డాయి, రెండూ మా బ్లాకు చివరి కుళాయిలవి. సంపు, పైన ట్యాంకు బాగున్నాయి. బ్లాకు వెనక తవ్వితే మంచినీళ్ల పైపు జాయింట్ కారుతోంది, దానికి మూరెడు దూరంలో మురుగు పైపు చెమ్మగా ఉంది. పైపు మార్చారు. వార్డెన్ మేడమ్ ఆ నల్ల సీసాని టేబుల్ మీద పెట్టుకుని మీటింగ్ పిలిచారు, అదే రోజు పని మొదలైంది.

తర్వాత ఫ్లోరెసిన్. మా కెమిస్ట్రీ స్నేహితురాలు తెచ్చింది. మూడో అంతస్తు టాయిలెట్‌లో తను పోసి ఫోన్ చేసింది. నేను కాల్వ దగ్గర, జేఈ గారు ఎస్‌టీపీ ఇన్‌లెట్ దగ్గర. పన్నెండు నిమిషాలకి బూడిద నీళ్లలో సన్నటి పచ్చ తీగలా వచ్చింది, రెండు నిమిషాల్లో కాల్వంతా పచ్చగా మెరిసింది. కొందరు పిల్లలు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. జేఈ గారి దగ్గర ఏమీ రాలేదు. ఆయన నడుచుకుంటూ వచ్చి కాల్వ వైపు చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఏఈ గారూ, మీరన్నదే నిజం. ఎస్‌టీపీకి ముందున్న మ్యాన్‌హోల్ గుడ్డలు, ప్యాడ్లతో నిండిపోయి ఉంది. ఎప్పుడో మురుగు హాస్టల్లోకి వెనక్కి తన్నుతోందని దాని గోడకు కన్నం కొట్టి వాన కాల్వలోకి వదిలారట. తాత్కాలికంగా అని. అది ఎన్నేళ్ల కిందటో ఎవరికీ గుర్తులేదు. "నడుస్తూనే ఉంది" అన్నది అబద్ధం కాదు. ప్లాంటు నడుస్తోంది, దానికి మురుగే సరిగ్గా అందడం లేదు.

జానకి_కాలనీ గారూ, మీ వాక్యాన్ని అక్షరం మార్చకుండా అర్జీలో రాశాం. మున్సిపాలిటీ నుంచి జెట్టింగ్ బండి తెప్పించారు. రెండు రోజులు పట్టింది, ఎవరూ దిగలేదు. కన్నం పూడ్చారు. ప్రతి ఫ్లోర్ టాయిలెట్లలో ప్యాడ్ల కోసం మూత ఉన్న డబ్బాలు పెట్టించాం. అవి లేకుండా ఇన్నాళ్లు ఆడపిల్లల్ని తప్పుపట్టడం అన్యాయం.

అలుగు కింద పొలం ఒక పెద్దాయనది. ఆకుకూరలు వేస్తారు. "మూడేళ్లుగా తోటకూర తెచ్చి మీ గేటు దగ్గరే అమ్ముతున్నానమ్మా" అన్నారు.

ఆపరేటర్ అన్నా, మా జార్‌లో బురద 40 దగ్గర ఆగింది. ఏం చేయాలి?

బ్లోయర్_రూమ్ · జూలై 10, ఉదయం 6:00

40 అంటే దాదాపు ఖాళీ. భయపడకు తల్లీ. దగ్గర్లో బాగా నడిచే ప్లాంటు నుంచి ఒక ట్యాంకర్ స్లడ్జ్ అడిగి తెచ్చి పోయించు, అది అన్నిటికన్నా మంచి విత్తనం. దొరక్కపోతే పేడ. నీళ్లలో కలిపి, గుడ్డలో వడగట్టి పోయాలి, గడ్డి పోచలు పోతే డిఫ్యూజర్లు పాడవుతాయి. మురుగు ఒక్కసారిగా అంతా పంపొద్దు, మొదటి వారం పావు వంతు, తర్వాత సగం. బ్లోయర్ ఇరవై నాలుగ్గంటలూ నడవాలి. ఆ ప్లాంటు ఆపరేటర్‌కి నా మెసేజ్ చూపించు. అతనికి ఒక జార్, ఒక నోటుబుక్ కొనిపెట్టండి. నిజంగా చెబుతున్నా, నాకు మొదటి ఆరేళ్లు జార్ కూడా కొనివ్వలేదు, ప్లాస్టిక్ బాటిల్ కోసి గీతలు గీసుకున్నాను.

లా_ఫైనలియర్ · జూలై 10, ఉదయం 9:25

ఏఈ గారికి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అక్కా, ఇప్పుడు ఆర్టీఐ వేయండి, ఇప్పుడది జేఈ గారికి కూడా ఉపయోగమే. రిపోర్టులు బయటికొస్తే బడ్జెట్ అడగడం తేలిక. న్యాక్ (యూనివర్సిటీలకు గుర్తింపు ఇచ్చే సంస్థ) వాళ్లు మురుగునీటి నిర్వహణ గురించి అడుగుతారు, ఆ పేపర్ కూడా వీసీ ఆఫీసుకి చూపించండి.

రిటైర్డ్_ఏఈ · జూలై 10, ఉదయం 10:10

ఈసారి నేను నీతోనే ఉన్నాను బాబూ. ఇన్‌లెట్‌కి, అవుట్‌లెట్‌కి ఫ్లో మీటర్లు పెట్టమని కూడా అందులో అడగండి. లోపలికి ఎంత వస్తోందో చూసి ఉంటే ఆ కన్నం మొదటి వారమే పట్టుబడేది.

కుంటగట్టు · సెప్టెంబరు 21, రాత్రి 9:55

చాలామంది మెసేజ్‌లు పెట్టి అడిగారు, అందుకే రాస్తున్నాను.

జార్ ఇవాళ 280. మా ఆపరేటర్ రోజూ పొద్దున నోటుబుక్‌లో రాసి ఫొటో పంపుతున్నాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, కాంట్రాక్టు మీద పనిచేస్తాడు, జీతం రెండు నెలలు ఆలస్యం. ఆ విషయం మీద స్కాలర్లందరం సంతకాలు చేసి ఇచ్చాం, ఇంకా తేలలేదు. ట్యాంకు రంగు మారింది. మొన్న వాన పడ్డాక నేను అక్కడ నిలబడితే ఏ వాసన నేలదో, ఏది ట్యాంకుదో తెలియలేదు.

కుంట ఇంకా బాగుపడలేదు. అడుగున పేరుకున్న బురద అలాగే ఉంది. గుర్రపు డెక్క మూడు ఆదివారాలు తీశాం, నాలుగో ఆదివారానికి మళ్లీ కమ్ముకుంది. కానీ వాన లేని రోజుల్లో కాల్వ ఎండి ఉంటోంది. తోటకూర పెద్దాయన వచ్చి చూసి వెళ్లారు.

మెస్ గ్రీజ్ ట్రాప్ టెండర్ దగ్గర ఆగింది. గంజి మాత్రం ఒక పాలాయన తీసుకెళ్తున్నాడు. కెమిస్ట్రీ వాళ్లు క్యాన్లు పెట్టారు, బోటనీ ఇంకా పెట్టలేదు.

ఆపరేటర్ అన్నా, దసరా సెలవులు వస్తున్నాయి. హాస్టల్‌లో రెండొందల మంది కూడా ఉండరు. జీవాలకు మేత తగ్గుతుంది. బెల్లం వేస్తారని ఎక్కడో చదివాను, ఎంత వేయాలి?

బ్లోయర్_రూమ్ · సెప్టెంబరు 22, ఉదయం 5:45

280 అని చదవగానే కడుపు నిండిపోయింది తల్లీ.

రెండొందల మంది ఉంటే బెల్లం అక్కర్లేదు, డబ్బు దండగ. వాళ్ల మురుగు చాలు. సెలవులకు మూడు రోజుల ముందు నుంచి స్లడ్జ్ తీయడం ఆపించు. బ్లోయర్ గంట నడిపి గంట ఆపేలా టైమర్ పెట్టించు, పూర్తిగా మాత్రం ఆపొద్దు. కలెక్షన్ ట్యాంకు నిండుగా పెట్టుకుని రోజుకు కొంచెం కొంచెం పంపమను. జార్ 200 కన్నా తగ్గితే అప్పుడు నాకు చెప్పు.

సంక్రాంతికి అందరూ ఊళ్లకి వెళ్లిపోతారు కదా, అప్పుడు వేద్దాం బెల్లం. పొద్దున మూడు కిలోలు, సాయంత్రం రెండు, వేడినీళ్లలో కరిగించి. ఆ కుర్రాడి నంబర్ నాకు మెసేజ్‌లో పంపు, నేనే ఫోన్ చేసి చెబుతా.